మలుపులో మూడురంగుల గుడ్డ

రోడ్డంచు గడ్డి కోసేవాళ్లలో కొందరు పాడుకుంటూ కోస్తారు, కొందరు తిట్టుకుంటూ కోస్తారు. సైపిన్ మాత్రం మాట్లాడుతూ కోసేది. అదీ అన్నిచోట్లా కాదు. బ్యాంకాక్‌కి బాగా ఉత్తరాన నాన్ కొండల్లోంచి దిగే పెద్దరోడ్డు మీద శవాల మలుపు అని ఒకటుంది. అక్కడికి రాగానే ఆమె పెదాలు కదలడం మొదలెట్టేవి. గడ్డికోత మిషన్ మోతలో ఆ మాటలు పక్కవాడికి కూడా వినపడేవి కావు. కోతవాళ్ల దండులో కొత్తగా చేరినవాళ్లు ఏదో మంత్రం జపిస్తోందనుకునేవాళ్లు. పాతవాళ్లకి తెలుసు, మొగుడితో మాట్లాడుతోందని.

పెద్ద మాటలేం కావు. పంది ఈనింది, పిల్లలన్నీ బతికాయి. నీ తమ్ముడు మళ్లీ తాగొచ్చాడు. గుమ్మడితీగ ఈసారి కాయలేదు. ఇలాంటివే. మొగుడు దువాంగ్ ఆ మలుపులోనే పోయాడు. ఆయనా గడ్డి కోసేవాడే. మలుపు లోపలి అంచున, భుజానికి మిషన్ తగిలించుకుని, రోడ్డుకి వీపు పెట్టి కోస్తుంటే వెనక నుంచి లారీ వచ్చింది. డ్రైవరు హారన్ కొట్టే ఉంటాడు. చెవి పక్కన మిషన్ మోగుతుంటే హారన్ ఎవరికి వినపడుతుంది?

ఆయన పోయిన ఏడాదే సైపిన్ ఆయన మిషన్ భుజానికెత్తుకుంది. వద్దన్నవాళ్లకి జవాబు చెప్పలేదు. అసలామె ఎవరికీ తేలిగ్గా జవాబు చెప్పే మనిషి కాదు. మనసులో మాట గొంతు దాటి రావాలంటే ఆమెకి ఆ మలుపు కావాలి, ఆ మోత కావాలి.

మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. రోడ్డు మీద పోయినవాళ్ల ఆత్మకి ఇంటిదారి తెలియదు. అందుకని ఇంటివాళ్లెవరో అగరొత్తి వెలిగించి పట్టుకుని, బండిలో కూర్చుని, దారి చెబుతూ తీసుకురావాలి. ఎడమకి తిరుగుతున్నాం, వంతెన వస్తోంది, దాటుతున్నాం అని. చెప్పకపోతే ఆత్మ వెనక్కి పోయి పాతచోటే నిలబడుతుందంటారు. దువాంగ్‌ని తీసుకొచ్చిన రోజు అగరొత్తి సైపిన్ చేతిలోనే ఉంది. కానీ నోరు పెగల్లేదు. మలుపు నుంచి ఇంటిదాకా ఒక్క మాట రాలేదు. బండి తోలుతున్న దండు మేస్త్రీ ప్రజక్ అద్దంలోంచి చూశాడు గాని కల్పించుకోలేదు. ఆ సంగతి వాళ్లిద్దరికే తెలుసు. తర్వాత ఎన్నేళ్లు కలిసి పనిచేసినా దాని ఊసు మాత్రం ఎత్తలేదు.

సైపిన్‌కి ఒక్కతే కూతురు. పేరు పెద్దదే, కానీ పుట్టినప్పుడు ఇంతే ఉందని అందరూ మొట్ అంటారు, చీమ అని. చియాంగ్‌మైలో ఒక హోటల్లో పనిచేసేది. హోటల్ మూతపడితే ఇంటికొచ్చేసింది. వచ్చిన కొన్నాళ్లకి ఒక పొద్దున్న జిగురన్నం, మిరప పచ్చడి మూటగట్టుకుని, తండ్రి పాత టోపీ నెత్తిన పెట్టుకుని, తల్లి వెనకాలే దండు పికప్ బండి ఎక్కింది.

"దిగు," అంది సైపిన్.

"ప్రజక్ బాబాయ్ నా పేరు రాసేసుకున్నాడమ్మా."

"కొట్టేస్తాడులే. దిగు."

"దిగి ఏం చెయ్యను? పందుల్ని మేపుతూ కూర్చోనా?"

"పందులు లారీలు తోలవు."

బండిలో వాళ్లంతా నవ్వారు. మొట్ కూడా నవ్వింది. దిగలేదు.

వానాకాలంలో మా కొండగడ్డి సంగతి చెప్పనక్కర్లేదు. కోసి వెనక్కి తిరిగేలోపే మళ్లీ తల ఎత్తుతుంది. మలుపులో గడ్డి ఎదిగితే ఎదురొచ్చే బండి కనపడదు కాబట్టి ఒక్క కాలంలోనే నాలుగైదుసార్లు కోయాలి. కోసిన ప్రతిసారీ ఎవరో ఒకరు లారీలకి వీపు పెట్టి నిలబడాలి. ఇప్పుడా వీపు తన కూతురిదీ కావచ్చు. సైపిన్‌కి అన్నం సయించడం మానేసింది. మొట్‌ని ఆ మలుపుకి రానివ్వకుండా ఏదో ఒక వంక పెట్టి వేరే పనికి పురమాయించేది. కానీ ఎన్నాళ్లని?

అలాంటి రోజుల్లో ఉరైవన్ వచ్చింది. రోడ్ల శాఖలో ఇంజినీరు. బ్యాంకాక్ పిల్ల, ఎండకి జడిసి ముఖమంతా గుడ్డ చుట్టుకుని కళ్లు మాత్రం బయటపెట్టి తిరిగేది. రోడ్డంచు నేలని కొత్తగా ఎలా చూసుకోవచ్చో పరీక్ష చేస్తున్నామంది. మలుపు లోపలి అంచున గడ్డి వేళ్లతో సహా పీకేసి, వేరుశెనగ జాతి తీగ ఒకటి నాటించింది. అది చీలమండ దాటి ఎదగదు, పసుపు పూలు పూస్తూ నేలంతా అల్లుకుంటుంది, కింద కలుపుని లేవనివ్వదు. పైన గట్టు జారకుండా వరసగా వట్టివేరు దుబ్బులు పెట్టించింది. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం ఇవి నిలబడితే జిల్లాలో మలుపులన్నిటికీ ఇదే పద్ధతి అంది.

"అయితే కోయక్కర్లేదా?" అని అడిగింది సైపిన్.

"ఏడాదికోసారి అంచులు సవరిస్తే చాలు పిన్నీ. అదీ ఆ పక్క రోడ్డు మూసేసి."

సైపిన్ మళ్లీ అడిగింది. "అక్కడ ఎవరూ నిలబడక్కర్లేదా?"

ఉరైవన్‌కి ఆ ప్రశ్న అంతుపట్టలేదు. "మొక్కలకి కాపలా ఎందుకు పిన్నీ?" అంది.

ఆ పూట సైపిన్ కడుపునిండా తింది.

దండుకి మాత్రం అది మింగుడుపడలేదు. కోత ఉంటేనే కూలి. మధ్యాహ్నం చెట్టు కింద అన్నాల దగ్గర ప్రజక్ ఒంటికాలి మీద లేచాడు.

"ఇవాళ ఒక మలుపు, రేపు జిల్లా అంతా. మన కడుపు మీద కొట్టడానికి పూలమొక్కలు పట్టుకొచ్చిందర్రా ఈ అమ్మాయి."

"పూలు బాగానే ఉన్నాయి బాబాయ్," అంది మొట్.

"బాగానే ఉంటాయి. పులుసు పెట్టుకు తిను."

ప్రజక్ చెడ్డవాడు కాదు. నలుగురు ఆడవాళ్లు, ముగ్గురు ముసలాళ్లు ఉన్న దండుని ఇన్నేళ్లుగా లాక్కొస్తున్నవాడు. వాళ్లలో ఎవరికి పని పోయినా ముందు అతని గుమ్మం దగ్గరికే వస్తారు. అందుకని అతని మిషన్ పొరపాట్లు చెయ్యడం మొదలెట్టింది. పక్కగడ్డి కోస్తూ కోస్తూ ఒకరోజు పూలతీగ సగం చెక్కేసింది. ఉరైవన్ మళ్లీ నాటించి, చుట్టూ నంబర్లేసిన కొయ్యలు పాతించి, కోయరాదు అని బోర్డు పెట్టించింది. వారం తిరక్కుండా ఆ బోర్డు ఎవరి కోళ్లగూటికో కప్పయింది, తీగ మళ్లీ తెగింది.

"ఇంకొక్కసారి ఇలా అయితే ఈ పరీక్ష వేరే జిల్లాకి మార్చేస్తాం పిన్నీ," అంది ఉరైవన్ సైపిన్‌తో. ముఖం మీది గుడ్డ వెనక ఏడుస్తున్నట్టే ఉంది. "నేనేం అన్యాయం చేశానని?"

పౌర్ణమి సెలవుకి దండు ఇళ్ల దగ్గరున్నప్పుడు సైపిన్ ప్రజక్ పెళ్లాం తిమ్ నడిపే దుకాణానికి వెళ్లింది. ఆత్మో దేవతో ఉందని గుర్తుగా చెట్లకీ కొయ్యలకీ కట్టే మూడురంగుల గుడ్డ ఒకటి, ఎర్రసోడా సీసా ఒకటి కొంది. ఆత్మలకి ఎర్రసోడా అంటే ప్రాణమని ఎవరు కనిపెట్టారోగాని, మా దేశంలో దాన్ని బతికున్నవాళ్లకన్నా వాళ్లే ఎక్కువ తాగుతారు. నడుచుకుంటూ మలుపుకి పోయి, పూలతీగ నట్టనడుమ ఉన్న కొయ్యకి గుడ్డ కట్టి, సోడాలో గొట్టం వేసి ముందు పెట్టింది.

మర్నాడు దండు దిగింది. ప్రజక్ మిషన్ మోగించుకుంటూ వచ్చి, కొయ్య కనపడగానే మిషన్ ఆపేశాడు. చాలాసేపు గుడ్డవైపే చూశాడు. టోపీ తీసి చేతులు జోడించాడు. మిగతావాళ్లూ జోడించారు.

"ఎవరికి కనపడిందో ఏమో," అన్నాడు ఒక ముసలాయన.

"కనపడకపోతే కడతారా? వెనక్కి పదండి," అన్నాడు ప్రజక్.

ఆ రోజు నుంచి ఆ తీగ జోలికి మిషన్ పోలేదు. సైపిన్ లోపల్లోపల నవ్వుకుంది. నవ్వుకుని చాలా ఏళ్లయింది.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. గుడ్డ కట్టి ఊరుకుంటే మన జనం ఊరుకుంటారా? లారీ డ్రైవర్లు హారన్ కొట్టి దణ్ణం పెట్టుకుపోవడం మొదలెట్టారు. కింది ఊళ్లో ఎవడో ఆ కొయ్య మీదున్న నంబరు చూసి లాటరీ కొన్నాడు, తగిలింది. ఇక చెప్పేదేముంది? మలుపుతల్లి వెలిసిందన్నారు. దండలొచ్చాయి, ఉడకబెట్టిన కోడిగుడ్లొచ్చాయి, ఎర్రసోడాలు పెట్టెలకి పెట్టెలొచ్చాయి. అన్నిటికన్నా ఎక్కువ జీబ్రా బొమ్మలొచ్చాయి. రోడ్డు దాటేచోట గీసే తెల్లగీతలు ఒంటినిండా ఉన్న జంతువు కాబట్టి ఎవరినైనా క్షేమంగా దాటిస్తుందని మా నమ్మకం. అరచేతిలో పట్టేవి, పిల్లవాడు ఎక్కి కూర్చునేంతవి, అన్నీ ఆ పూలతీగ మీదే బారులు తీరాయి. వాటి కింద తీగ నలిగి నల్లబడింది.

తిమ్ దుకాణంలో మూడురంగుల గుడ్డకి కొరతొచ్చింది.

ఉరైవన్ వచ్చి చూసి తల పట్టుకు కూర్చుంది. కాసేపటికి ఆమెకే నవ్వొచ్చింది. "కోయనివ్వలేదు, సంతోషం. ఇప్పుడు తొక్కేస్తున్నారు. నేను ఇంజినీరుని పిన్నీ, దేవతతో ఎలా మాట్లాడను? ఈ వానలు వెళ్లేలోపు జనం రావడం ఆగితే తీగ మళ్లీ లేస్తుంది. ఆగకపోతే పరీక్ష పోయినట్టే."

పోతే మళ్లీ గడ్డి, మళ్లీ మిషన్లు, మళ్లీ లారీలకి వీపులు. ఆ మాట ఉరైవన్ అనలేదు, సైపిన్ లెక్క వేసుకుంది. అంతకన్నా దారుణం ఇంకోటుంది. ఎవరూ నిలబడక్కర్లేని చోటు కావాలని ఆమె గుడ్డ కడితే, ఊళ్లకి ఊళ్లు వచ్చి అక్కడే నిలబడుతున్నాయి. మలుపు నడుమనే బండ్లాపి, పిల్లల్ని చంకనేసుకుని, రోడ్డుకి వీపు పెట్టి మోకరిల్లుతున్నాయి.

తర్వాతి పండగరోజున జనం విరగబడతారని తెలిసి, బండ్లని నిదానంగా పంపడానికి ప్రజక్ ఎర్రజెండా ఇచ్చి ఒకరిని నిలబెట్టాడు. సైపిన్ మలుపు అవతల వాడిన దండలు ఊడుస్తోంది. తల ఎత్తి చూసేసరికి జెండా పట్టుకుని ఉన్నది మొట్.

అరుద్దామనుకుంది. పైనుంచి మొక్కజొన్న లారీ దిగుతోంది. సన్నగా తుంపర, రోడ్డు జారుగా ఉంది. డ్రైవరు జెండా చూసి బ్రేకు తొక్కాడు, చక్రాలు ఆగినా లారీ ఆగలేదు, పక్కకి ఈడ్చుకుంటూ వచ్చింది. సైపిన్ నోరు తెరిచింది. మాట రాలేదు. దువాంగ్‌ని తెచ్చిన రోజులాగే. మొట్ తనంతట తనే చూసుకుని కాలవలోకి దూకింది. లారీ జీబ్రాల వరసని పిండిచేసి గట్టుకి ఆనుకుని ఆగింది. జనం అప్పుడే ఫలహారాలకి చెట్టు కిందకి పోయారు కాబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు.

మొట్ బురదతో లేచి పళ్లు బయటపెట్టింది, నవ్వో వణుకో తెలియకుండా. "బాగానే ఉన్నానమ్మా." సైపిన్ దగ్గరికెళ్లి కూతురి జుట్టులోంచి బురద తీసింది. టోపీ వెతికి తెచ్చి పెట్టింది. జనం మాత్రం మలుపుతల్లే కాపాడిందన్నారు. పొద్దు కుంకేలోపే జీబ్రాలు రెట్టింపయ్యాయి.

ఆ సాయంత్రమే సైపిన్ ఖాన్ తాత ఇంటికెళ్లింది. ఖాన్ తాత చిన్నప్పుడు చాలాకాలం భిక్షువుగా ఉండి వచ్చినవాడు, ఊళ్లో ఆత్మల్ని పిలవాలన్నా పంపాలన్నా ఆయనే. పళ్లు లేని నోటితో తమలపాకు నములుతూ వసారాలో కూర్చున్నాడు.

"మలుపులో ఉన్న ఆత్మని అక్కణ్ణించి తీసుకొచ్చెయ్యాలి తాతా."

"తేవచ్చు. పేరేంటి?"

"పేరా?"

"పేరు లేకుండా ఎవర్ని పిలవమంటావే? దారినపోయే ఆత్మలెవరైనా నన్నేనా అని బండెక్కేస్తారు. మలుపుతల్లి అంటున్నారంతా. ఆడదో మగాడో చూసినవాడు లేడు."

ఏదో ఒక పేరు కల్పించి చెబుదామనే వచ్చింది సైపిన్. దారిలో రెండు మూడు పేర్లు అనుకుంది కూడా. లేని ఆత్మకి ఏ పేరైతేనేం? నోరు తెరిచింది. వచ్చిన పేరు విని తనే ఉలిక్కిపడింది.

"దువాంగ్."

ఖాన్ తాత నమలడం ఆపాడు. "దువాంగ్‌ని అప్పుడే తెచ్చుకున్నాం కదమ్మా. నేనే గదా మంత్రం చదివింది."

"తేలేదు తాతా," అంది సైపిన్. "నువ్వు చదివావు. నేను దారి చెప్పలేదు. ఒక్క మలుపూ చెప్పలేదు. వంతెనా చెప్పలేదు. ఆయన అక్కడే ఉన్నాడు."

అన్నాక ఏడ్చింది. ఇన్నేళ్లూ గుడ్లనీళ్లు గుడ్లలోనే కుక్కుకున్న మనిషి, ముసలాయన వసారాలో వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు. ఏడవనిచ్చి, మంచినీళ్లిచ్చి, "రేపు పొద్దున్నే పెట్టుకుందాం," అన్నాడు.

పరీక్ష ఏమైందో ముందే చెప్పేస్తాను, లేకపోతే మీకు మనసంతా దాని మీదే ఉంటుంది. మలుపులో ఉన్నది దువాంగ్ అనీ, ఆయన ఇంటికెళ్లిపోయాడనీ, అక్కడిక ఎవరూ లేరనీ ఖాన్ తాత జనం ముందే ప్రకటించాడు. ఆయన మాటకి మా వైపు ఎదురులేదు. జీబ్రాలన్నిటినీ గుడి ప్రహరీ వారన పెట్టారు, లాటరీ పిచ్చోళ్లు ఇంకో చెట్టుని వెతుక్కున్నారు, తిమ్ కొన్నాళ్లు మూతి ముడుచుకుంది. వానలు వెళ్లకముందే తీగ నలిగిన చోటల్లా మళ్లీ అల్లుకుంది. ఎండాకాలంలో కాస్త వడలినా చావలేదు. మరుసటేడు జిల్లాలో మలుపులన్నిటికీ అదే వేశారు. వేసింది ప్రజక్ దండే. మొక్కలు నాటడం, ఎండల్లో తడపడం, అంచులు సవరించడం పని వాళ్లకే ఇప్పించింది ఉరైవన్. అందరికీ సరిపోయేంత పని దొరికిందని చెప్పను. ఇద్దరు ముసలాళ్లు మానేశారు, ప్రజక్ ఇప్పటికీ ఆ మాట తలుచుకుని గొణుగుతాడు. కానీ శవాల మలుపులో లారీలకి వీపు పెట్టి నిలబడే పని మాత్రం ఎవరికీ లేకుండా పోయింది.

ఇక ఆ పొద్దుటి సంగతి. ఖాన్ తాత కొయ్యకున్న గుడ్డ విప్పి, మంత్రం చదివి, అగరొత్తి వెలిగించి సైపిన్ చేతికిచ్చాడు. ప్రజక్ అదే పాత పికప్ బండి తెచ్చాడు. మొట్ ముందు సీట్లో కూర్చుంది. సైపిన్ వెనక ఎక్కుతుంటే ప్రజక్ చెయ్యి ఆసరా ఇచ్చాడు, ఇచ్చి మెల్లగా అన్నాడు.

"ఆ గుడ్డ మా దుకాణంలోదే వదినా. ఎవరు కొన్నారో తిమ్ నాకు ఆ రాత్రే చెప్పింది."

సైపిన్ ఎక్కబోతూ ఆగింది. "మరి మిషన్ ఎందుకు ఆపావు?"

"కట్టింది నువ్వు గనక." అతను రోడ్డువైపు చూశాడు. "ఆ రోజు దువాంగన్నని ఆ అంచున నిలబెట్టింది నేను. వేరేవాణ్ణి పంపాల్సింది, వాడు రాలేదు. ఆ గుడ్డ చూశాక నాకు చెయ్యి ఆడలేదు. ఎక్కు, ఎక్కు. ఒత్తి ఆరిపోతుంది."

బండి కదిలింది. సైపిన్ అగరొత్తిని గాలి తగలకుండా అరచేయి అడ్డంపెట్టి పట్టుకుంది. మొదటి మలుపు వచ్చింది. నోరు తెరిచింది, రాలేదు. అద్దంలోంచి ప్రజక్ చూశాడు. ఈసారి ఊరుకోలేదు. బండి ఆపి, ఇంజను ఆపకుండా, యాక్సిలరేటర్ మీద కాలు వేసి గట్టిగా మోగించాడు. బండి గడ్డికోత మిషన్‌లా గోలపెట్టింది. మొట్ చెవులు మూసుకుంది.

ఆ మోతలో సైపిన్ పెదాలు కదిలాయి.

"కుడికి తిరుగుతున్నాం," అంది. ప్రజక్ బండిని అలాగే మోగిస్తూ నిదానంగా పోనిచ్చాడు. "ఇదుగో పాత చెరుకు మిల్లు. మూసేశారు, నువ్వు చూడలేదు. ఇప్పుడు ఎడమకి. ఇక్కడ గుంట ఉంది, గట్టిగా పట్టుకో." మోత కొంచెం తగ్గింది. ఆమె ఆపలేదు. "ముందు సీట్లో ఉన్నది మొట్. నీ టోపీ పెట్టుకుంది. నిన్న కాలవలోకి దూకింది, నువ్వూ చూసే ఉంటావు." మోత ఇంకా తగ్గింది. ముందున్న ఇద్దరికీ మాటలు వినపడుతున్నాయి. మొట్ వెనక్కి తిరగలేదు, టోపీ కిందికి లాక్కుంది.

"వంతెన వస్తోంది," అంది సైపిన్. "వంతెన. చూసుకో. నీళ్లు నిండుగా ఉన్నాయి. దాటుతున్నాం. నాతోనే ఉండు. దాటుతున్నాం. దాటేశాం."

ఇంటి ముందు బండి ఆగింది. పందులు అరుస్తున్నాయి, గుమ్మడితీగ కంచె మీదికి పాకింది. ప్రజక్ ఇంజను ఆపేశాడు. సైపిన్ అగరొత్తి వైపు చూసింది. ఇప్పుడామెకి ఏ మోతా అక్కర్లేకపోయింది.

"ఇల్లొచ్చింది," అంది. "దిగు."